జీపు డిఫరెన్షియలుకు నూనె మార్చుట – మూతను కారకుండ బిగించుట

ఎడ్లబండి కాలములో కందెన పెట్టకుండ బండి కట్టిన రైతు లేడు. ఆముదములో గడ్డి మసి కలిపి, వెదురు గొట్టములో పోసి బండికే వ్రేలాడదీసుకొని పోయెడివారు. ఎప్పుడైన మరచినచో ఇరుసే కీచుమని అరచి జ్ఞాపకము చేసెడిది. నేడు ఎందరో రైతులు జీపులను వాడుచున్నారు. జీపు ఇరుసు అట్లు అరవదు. దాని పళ్ళచక్రములు వెనుక చక్రముల నడుమ గుండ్రని ఇనుప బుర్రలో, మూత లోపల, నూనెలో మునిగి తిరుగుచుండును. అది రొద చేయుట మొదలుపెట్టునప్పటికి లోపల జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోయి యుండును.

కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతికి ముందు డెల్టాలోని ఒక గ్రామమునకు పోయినప్పుడు, కాలువ గట్టుపై ధాన్యపు బస్తాల ట్రెయిలరుతో ఒక జీపు నిలిచిపోయి యుండుట చూచితిని. ఇంజను ఆడుచున్నది, గేరు పడుచున్నది, కాని బండి కదలదు. వెనుక మూత విప్పి చూడగా నూనెకు బదులు చిక్కని మజ్జిగవంటి తెల్లని ద్రవము కారినది. దానితోపాటు మూడు ఇనుప పళ్ళు రాలిపడినవి. భాద్రపదములో ఆ బండి పొంగిన వాగును దాటినది. అప్పటినుండి ఎవరును ఆ మూత విప్పలేదు. మూత అంచున కొంచెము నూనె చెమర్చుచుండగా ఒక మెకానిక్కు పైపైన పేస్టు పూసి పంపినాడట. వానలు కురిసిన నెలలన్నియు లోపల నీరు నిలిచియే యున్నది. ఇరుసు బాగుపడువరకు బండి పదునారు దినములు షెడ్డులో నిలిచినది. కోతలు ఆ పదునారు దినములలోనే ముగిసిపోయినవి. బస్తాలను ఆ రైతు బాడుగ బండ్లపై తోలించుకొనవలసి వచ్చినది. గోటితో పోవు దానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా ఇదియే.

ఆ గోటి పని ఎట్టిదో ఈ వ్యాసములో వివరింపబడినది. ఒక లీటరు పైచిలుకు నూనె, ఒక ప్యాకింగు లేక ఒక ట్యూబు పేస్టు, ఒక మధ్యాహ్నపు శ్రమ – ఇంతకంటె కావలసినది లేదు.

ఆ బుర్రలో ఏమున్నది?

బండి మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రములు రెండును ఇరుసుపై వేరువేరుగా తిరుగును. జీపులో రెండు చక్రములను ఇంజనే త్రిప్పవలెను గనుక, వానికి బలము నిచ్చుచునే వేర్వేరు వేగములతో తిరుగనిచ్చు ఏర్పాటు కావలసి వచ్చినది. అదియే డిఫరెన్షియలు.

ఇంజను నుండి వచ్చు పొడవైన షాఫ్టు చివర చిన్న పళ్ళచక్రము ఉండును. దానిని పినియను అందురు. అది పెద్దదగు క్రౌను చక్రమును త్రిప్పును. మన దేశమున బొంబాయిలో జీపుల కూర్పు 1940 దశకపు చివర ఆరంభమైనది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు ఆఫీసు జీపును ఎరుగని గ్రామము అరుదైనది. ఆ కాలపు విల్లీస్ సి.జె.-3బి నమూనా జీపులో పినియనుకు 8 పళ్ళును, క్రౌనుకు 43 పళ్ళును ఉండును. అనగా చక్రము ఒకసారి తిరుగుటకు పినియను 5 సార్లకు పైగా తిరుగవలెను. బురదలో బండిని లాగు బలమంతయు ఏ క్షణమునందైనను ఒకటి రెండు పళ్ళ మీదనే పడును.

ఈ పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లుట మాత్రమే కాదు, రాచుకొని జారును కూడ. పినియను, క్రౌను నడిమి గీతకంటె కొంచెము క్రిందుగా అమర్చబడి యుండుటయే దీనికి కారణము. ఇట్టి అమరికను హైపాయిడు అందురు. ఇనుముపై ఇనుము అంతటి ఒత్తిడితో జారునప్పుడు మామూలు ఇంజను నూనె పొర తెగిపోవును. అందుచేత గంధకము, భాస్వరము కల మందులు చేర్చిన ప్రత్యేకపు గేరు నూనెను దీనికి వాడుదురు. పాత గేరు నూనెకు ఉండు ఘాటైన వాసన ముఖ్యముగా ఆ గంధకపు వాసనయే.

నీరు ఎట్లు చేరును?

మూత గట్టిగా ఉన్నది గదా, నీరెట్లు పోవునని కొందరు అడుగుదురు. ఇరుసు గొట్టము పైభాగమున ఊపిరి గొట్టము, అనగా బ్రీదరు, ఒకటి ఉండును. బండి నడచుకొలది లోపలి నూనె, గాలి వేడెక్కును. వ్యాకోచించిన గాలి ఈ గొట్టము ద్వారా బయటికి పోవును. అట్లు వేడెక్కిన ఇరుసును ఒక్కసారిగా వాగు నీటిలో దింపినచో లోపలి గాలి చల్లబడి కుంచించుకొనును. అప్పుడు ఇరుసు గాలిని పీల్చుకొనవలెను. బ్రీదరు నీట మునిగి యున్నను, మట్టితో పూడిపోయి యున్నను, గాలికి బదులు నీటిని పీల్చుకొనును. పూడిన బ్రీదరు కల బండిలో ఆ నీరు చక్రముల కొసల నుండు సీళ్ళ అంచుల గుండ లోపలికి పోవును.

బ్రీదరు పూడినచో రెండవ అపాయము కూడ కలదు. వేడెక్కిన గాలికి దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, నూనెను సీళ్ళ గుండ చక్రములవైపు నెట్టును. ఆ నూనె బ్రేకు షూలకు అంటినచో బ్రేకు పట్టదు. ట్రెయిలరు నిండ కూలీలను ఎక్కించుకొని గట్టు దిగు బండికి ఇది ప్రాణాపాయము. కావున వెనుక చక్రము లోపలి వైపు నూనె మరక కనిపించినప్పుడు సీలు మార్చి ఊరుకొనక, ముందుగా బ్రీదరును చూడవలెను. దానిని విప్పి కిరసనాయిలులో కడిగి, నోటితో ఊదక పంపుతో గాలి కొట్టినచో శుభ్రపడును. తరచు వాగులు దాటు బండ్లకు బ్రీదరు స్థానమున ఒక రబ్బరు గొట్టమును తగిలించి, దాని కొసను నీరందని ఎత్తులో బాడీకి కట్టుట మంచి పద్ధతి.

ఎప్పుడు మార్చవలెను?

బండితో వచ్చు పుస్తకమందు ఇన్ని కిలోమీటర్లకు ఒకసారి యని చెప్పబడి యుండును. ఆ గడువు మంచి రోడ్డుపై నడచు బండికి వర్తించును. పొలమునందు, బురదలో, బరువుతో నడచు బండికి ఏడాదికి ఒకసారి మార్చుట క్షేమము. వానలు వెనుకబట్టిన తరువాత, కోతలకు ముందు, ఇందుకు మంచి అదను. ఇరుసు మునుగునంత నీటిలో బండి దిగినచో గడువుతో పనిలేదు. ఆ వారములోనే చూడవలెను.

నీరు చేరినదో లేదో తెలిసికొనుటకు సులువైన ఉపాయము కలదు. బండిని ఒక రాత్రి కదలక ఉంచవలెను. నీరు నూనెకంటె బరువైనది గనుక అడుగున చేరును. తెల్లవారిన తరువాత అడుగు ప్లగ్గును కొంచెము వదులు చేసినచో, నీరున్న యెడల ముందుగా నీరే చుక్కలుగా వచ్చును. అప్పటికే బండి నడచి నూనె, నీరు చిలుకబడి యున్నచో అవి విడిపోవు. నూనె తెల్లగా వచ్చును. రెండింటిలో ఏది కనబడినను నూనె యంతయు మార్చవలసినదే.

పని మొదలుపెట్టుటకు ముందు

బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు ముందు వెనుకల రాళ్ళు గాని, కొయ్య దిమ్మలు గాని పెట్టవలెను. జీపు ఎత్తైన బండి గనుక ఈ పనికి జాకీ అవసరము లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. పాత నమూనా జీపులలో హ్యాండు బ్రేకు చక్రములను పట్టదు. గేరు పెట్టె వెనుక నుండు షాఫ్టును పట్టును. ఒక వెనుక చక్రమును జాకీతో ఎత్తినచో, షాఫ్టు కదలకున్నను, గాలిలోని చక్రము ఒక వైపునకును నేలమీది చక్రము రెండవ వైపునకును తిరుగగలవు. డిఫరెన్షియలు గుణమే అట్టిది. హ్యాండు బ్రేకు వేసితిమను ధైర్యముతో బండి క్రింద దూరినవారిపై బండి జారి పడుట ఇందువలననే. ఎప్పుడైన జాకీ ఎత్తవలసి వచ్చినను రాళ్ళు పెట్టకుండ ఎత్తరాదు.

అన్నింటికంటె ముందు చేయవలసిన పని, నూనె పోయు ప్లగ్గును విప్పి చూచుట. దించు ప్లగ్గు జోలికి పోరాదు. ఎన్నో ఏండ్లుగా కదలని పై ప్లగ్గు ఒక్కొక్కప్పుడు త్రుప్పుతో బిగిసిపోయి యుండును. ముందు నూనె దించివేసి, పిమ్మట పై ప్లగ్గు రాకపోయినచో, ఖాళీ ఇరుసుతో బండి ఇంటిముందు నిలిచిపోవును. పై ప్లగ్గు వచ్చిన తరువాతనే మిగిలిన పని.

మూత చుట్టును ఉన్న మట్టిని తీగ కుంచెతో రాచి, గుడ్డతో తుడువవలెను. విప్పిన తరువాత ఆ మట్టి లోపల పడినచో నూనె మార్చిన ఫలము పోవును.

నూనె దించుట

నీటి అనుమానము లేని బండిని ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి తెచ్చినచో నూనె వేడెక్కి పలుచబడి, అడుగున చేరిన మురికిని కూడ వెంటబెట్టుకొని దిగును. కొన్ని ఇరుసులకు అడుగున ప్లగ్గు ఉండదు. అట్టి వానికి మూత విప్పియే దించవలెను. ప్లగ్గు ఉన్నను ఏడాదికి ఒకసారి మూత విప్పి లోపల చూచుట మంచిది.

పైన చెప్పిన జీపు వెనుక మూతకు 10 బోల్టులు ఉండును. పైనున్న రెండింటిని కొన్ని మరలు పట్టియుండునట్లు వదులు చేసి ఉంచి, తక్కినవి తీసివేయవలెను. క్రింద తట్ట పెట్టి, మూత అంచున కొయ్య సుత్తితో తట్టినచో అడుగు భాగము విడివడి నూనె కారును. స్క్రూ డ్రైవరును మూతకు ఇరుసుకు నడుమ దిగగొట్టరాదు. దాని గాటు పడినచోట ఎంత పేస్టు పూసినను నూనె చెమర్చుచునే యుండును. ఒక బోల్టు క్రింద పళ్ళ లెక్క కొట్టిన చిన్న రేకు ముక్క ఉన్నచో జాగ్రత్తపరచి తిరిగి ఆ స్థానముననే పెట్టవలెను. ముందుముందు క్రౌను, పినియను మార్చవలసి వచ్చినప్పుడు, ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును లెక్క కుదురుటకు అదియే ఆధారము.

దిగిన నూనె చెప్పు సంగతులు

దిగిన నూనెను పారవేయుటకు ముందు కొంచెము వ్రేళ్ళ నడుమ రాచి చూడవలెను.

నల్లగా, జిగురుగా, నున్నగా ఉన్నచో అది వాడిన నూనె సహజ లక్షణము. తెల్లగా మజ్జిగవలె ఉన్నచో నీరు చేరినది. మాడిన వాసన వచ్చినచో నూనె చాలక ఇరుసు ఎండి నడచినది. ప్లగ్గుకు అయస్కాంతము ఉన్నచో దానిపై బూడిదరంగు మెత్తని పిండి కొద్దిగా అంటియుండుట సహజము. చేతికి తగులునంత ఇనుప రజను, రేకులవంటి ముక్కలు, పంటి తునకలు దొరికినచో నూనె పోసి మూత వేసికొనుట ఆత్మవంచన. బేరింగులను, పళ్ళను తెలిసినవానిచే చూపించవలెను.

చక్రము ఎత్తకుండనే పినియను షాఫ్టును చేతితో పట్టి పైకి క్రిందికి, ప్రక్కలకు ఆడించి చూడవలెను. మరియు పళ్ళను వెలుతురులో చూచి, ముఖములపై గుంటలు గాని, త్రుప్పు మచ్చలు గాని ఉన్నవేమో కనిపెట్టవలెను.

వాడిన నూనెను కాలువలో గాని, చెరువు గట్టున గాని, పొలములో గాని పోయరాదు. డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించు వారికి ఇచ్చివేయవలెను. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు.

మూత శుభ్రపరచుట

నూనె కారుటకు పేస్టు చాలకపోవుట కారణమని చాలమంది తలతురు. నిజమునకు పది మూతలలో తొమ్మిది శుభ్రపరచక పోవుటచేతనే కారుచున్నవన్నచో అతిశయోక్తి కాదు. పాత ప్యాకింగు ముక్క ఒకటి గోటి మందమున మిగిలినను అచట సందు పడును.

మొద్దు అంచుగల రేకుతో పాత ప్యాకింగును, పేస్టును గీకి తీయవలెను. ఇరుసు వైపు గీకునప్పుడు లోపలికి గుడ్డ కప్పి ఉంచి, పిదప మరువక తీసివేయవలెను. ఇరుసు ముఖముపై గరుకు కాగితము వాడరాదు. దాని ఇసుక లోపల పడి బేరింగులను తినివేయును. తరువాత మూతను చదునైన రాతిపై గాని, అద్దముపై గాని బోర్లించి చూడవలెను. పూర్వము ఎవరో అతిగా బిగించిన మూతకు బోల్టు రంధ్రముల వద్ద రేకు లోనికి క్రుంగి యుండును. అట్టి చోట్ల చదునైన ఇనుప దిమ్మపై పెట్టి మెల్లగా సుత్తితో సరిచేయవలెను.

చివరగా రెండు ముఖములను నూనె జిడ్డు లేకుండ తుడువవలెను. జిడ్డుపై ఏ పేస్టును అంటదు. ఇరుసు పై భాగమున నుండి నూనె చుక్కలు జారుచునే యుండును గనుక, తుడిచిన వెంటనే మూత బిగించునట్లు అన్నియు దగ్గర పెట్టుకొనవలెను. కడుగుటకు పెట్రోలు వాడుట అగ్ని ప్రమాదము.

ప్యాకింగా? పేస్టా?

రెండును మంచివే. ఏది ఎప్పుడు వాడవలెనో తెలిసియుండవలెను.

కాగితపు ప్యాకింగు వాడినచో మూత బిగించిన వెంటనే నూనె పోయవచ్చును. బండి ఆ దినమే బయలుదేరవలసి యున్నచో ఇది ఉపకరించును. మూత ముఖము చదునుగా ఉన్నప్పుడే ఇది పట్టును.

సిలికాను పేస్టు చిన్న చిన్న ఒంపులను పూడ్చును. ఇది గాలిలోని తేమను పీల్చుకొని రబ్బరువలె గట్టిపడును. మూతపై అన్ని వైపుల తెగకుండ ఒకే దారగా, సుమారు 3 మిల్లీమీటర్ల మందమున, ప్రతి బోల్టు రంధ్రమునకు లోపలి వైపుగా పోవునట్లు పూయవలెను. ఎక్కువ పూసినచో మంచిదనుకొనుట పొరపాటు. అధికముగా పూసినది లోపలికి పిండబడి, త్రాళ్ళవలె తెగి, నూనెలో తిరుగుచు, బేరింగులకు నూనె పోవు దారులను మూసివేయగలదు. పూసిన పది నిమిషముల లోపల మూత పెట్టివేయవలెను. పైపొర కట్టిన తరువాత పెట్టినచో అంటదు. నూనె పోయుటకు ముందు ట్యూబుపై చెప్పిన వ్యవధి ఆగవలెను. ఒక రాత్రి ఆరనిచ్చుట మేలు. సాయంకాలము మూత వేసి ఉదయము నూనె పోసినచో ఈ నియమము తనంతట తానే నెరవేరును.

ప్యాకింగుపై మరల దట్టముగా పేస్టు పూయుట కొందరి అలవాటు. అది అనవసరము. బిగించునప్పుడు ప్యాకింగు జారి పగులును.

బోల్టులన్నింటిని మొదట వ్రేళ్ళతో ఎక్కించవలెను. పిదప ఒక దానిని, దాని ఎదుటి దానిని, మరల అడ్డముగా నున్న దానిని – ఇట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగించవలెను. మామూలు పానాతో ఒక చేతి బలము చాలును. పానాకు గొట్టము తగిలించి లాగినచో రేకు క్రుంగి, ఇప్పుడు సరిచేసిన లోపమే మరల వచ్చును.

నూనె పోయుట

హైపాయిడు ఇరుసుకు ఎస్.ఏ.ఇ. 90 చిక్కదనము కల, ఏ.పి.ఐ. జి.ఎల్.-5 గుర్తు గల గేరు నూనె తగినది. 80డబ్ల్యు-90 అని వ్రాసిన డబ్బాయు సరిపోవును. మీ బండి పుస్తకము వేరుగా చెప్పినచో దానినే అనుసరింపవలెను. లాకింగు డిఫరెన్షియలు గల క్రొత్త బండ్ల విషయములో ఇది మరింత ముఖ్యము. మిగిలిన నూనె ఉన్నది గదా యని దానినే గేరు పెట్టెలో పోయరాదు. ఇరుసుకు మేలుచేయు గంధకపు మందులు కొన్ని పాత గేరు పెట్టెలలోని ఇత్తడి భాగములకు కీడు చేయును. అట్లే ట్రాక్టరు వెనుక పెట్టెకు ఈ నూనె పనికిరాదు. చాల ట్రాక్టర్లలో అదే నూనె హైడ్రాలిక్కుకును, బ్రేకులకును పనిచేయవలెను గనుక దానికి వేరు నూనె కలదు.

సి.జె.-3బి జీపు వెనుక ఇరుసుకు సుమారు 1.2 లీటర్లును, ముందు ఇరుసుకు అంతియే పట్టును. కొలత కంటె మట్టము ప్రధానము. పోయు రంధ్రము క్రింది అంచు వరకు నూనె వచ్చి, అంచునుండి జారుట మొదలుపెట్టగానే ఆపవలెను. కొన్ని నిమిషములు ఆగి, నూనె ఇరుసు గొట్టములలో సర్దుకొన్న తరువాత మరల చూచి, తగ్గినచో పోయవలెను. రంధ్రముపైకి నింపవలెనని బండిని వంచి పోయుట తప్పు. ఎక్కువైన నూనె నురుగుకట్టి, సీళ్ళను త్రోసికొని బ్రేకులవైపు పోవును.

నాలుగు చక్రముల బలముతో బురదలోనికి దిగు బండికి ముందు ఇరుసును కూడ ఇదే విధముగా చూడవలెను. వెనుక ఇరుసుకు చేసి, ముందు దానిని మరచువారే ఎక్కువ. నీటిలో ముందుగా దిగునది ముందు ఇరుసే గదా!

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఒక పది కిలోమీటర్లు నడిపి వచ్చి, మూత చుట్టును వ్రేలు రాచి చూచి, నూనె మట్టమును మరల పరీక్షించిననే పని పూర్తియైనట్లు.

లెక్క వ్రాసికొనుట

ఆఫీసు బండ్లు చూచు అధికారులు లాగు పుస్తకములో పెట్రోలు, డీజిలు లెక్కలు వ్రాయుదురు. ఇరుసు నూనె మార్చిన తేదీని, అప్పటి కిలోమీటర్లను, బండి వాగు దాటిన దినమును కూడ అదే పుస్తకములో వ్రాసినచో, డ్రైవరు మారినను బండి చరిత్ర తెలియును. సొంత బండి గల రైతులు ఈ సంగతిని పంచాంగము అట్టపై వ్రాసికొన్నను చాలును. గట్టుపై నిలిచిపోయిన ఆ జీపు యజమాని ఇప్పుడు అట్లే చేయుచున్నాడు. వాగు దాటిన నాటి సాయంత్రమే తేదీ వ్రాసి, మరునాటి ఉదయము అడుగు ప్లగ్గును వదులు చేసి చూచును. ఆ తరువాత కోతలలో అతని బస్తాలు సొంత బండిపైననే ఇల్లు చేరినవి.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి:

1. చక్రములకు రాళ్ళు పెట్టకుండ బండి క్రింద దూరరాదు.
2. నూనె పోయు ప్లగ్గు వచ్చిన తరువాతనే పాత నూనె దించవలెను.
3. దిగిన నూనెను పరీక్షించకుండ పారవేయరాదు.
4. ముఖములు జిడ్డు లేకుండ తుడిచిన తరువాతనే పేస్టు పూయవలెను. పలుచగా, తెగకుండ పూయవలెను.
5. బోల్టులను ఎదురెదురుగా, విడతలుగా బిగించవలెను.
6. బ్రీదరు శుభ్రముగా లేనిచో ఎంత మంచి మూతయు కారును.
7. ఇరుసు మునిగిన బండికి ఆ వారములోనే నూనె చూడవలెను.